ఆధారం చాలదు

ఉదయం తొమ్మిదింటికి ఆ మేడ ఆరో అంతస్తులో నూట ఇరవై తెరలు ఒకేసారి వెలుగుతాయి. కిటికీ అద్దాలకు నీలం కాగితం అంటించి ఉంటుంది కాబట్టి బయట ఎండ కాస్తున్నదీ వాన పడుతున్నదీ లోపలివాళ్ళకు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. వాళ్ళు చూడవలసిన లోకమంతా ఆ తెరల్లోనే ఉంటుంది.

మనం కారెక్కి వెళ్ళవలసిన చోటు చెప్పగానే, 'రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి' అని ఒక గొంతు మర్యాదగా దారి చెబుతుంది. ఆ గొంతు ఎక్కడిదో, దానికి దారులు ఎవరు నేర్పారో మనం ఆలోచించం. జీపీఎస్ చూపించే మ్యాపులో తప్పు కనబడితే ఎవరైనా ఫిర్యాదు రాయవచ్చు. ఊరూరి నుంచీ వచ్చే ఆ ఫిర్యాదులు చివరకు చేరేది ఇలాంటి గదులకే.

కిటికీ వరుసలో మూడో కుర్చీ ఆమెది. వయసు ముప్పై ఒకటి. ఈ పనిలో చేరి నాలుగేళ్ళు. ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. సూపర్‌వైజరు ఒకనాడు సరదాగా 'డేగ' అన్నాడు, ఆ మాటే నిలిచిపోయింది. చూపు అంత చురుకు. తెర మీద ఎడమవైపు ఫిర్యాదు, కుడివైపు ఆకాశం నుంచి తీసిన ఫోటో. రెండూ చూసి 'సరే', 'కాదు', 'ఆధారం చాలదు' అనే మూడింటిలో ఒకటి నొక్కాలి. మిగతావాళ్ళు నాలుగు వందలు పూర్తి చేసేసరికి ఆమె ఐదు వందలు దాటేసేది. తలుపు పక్కన, అందరికన్నా ఎక్కువ పూర్తి చేసినవాళ్ళ ఫోటో పెట్టే అట్ట మీద ఆమె ఫోటో నెలల తరబడి అలాగే ఉండిపోయింది.

జనం రాసే ఫిర్యాదులు ఎలా ఉంటాయంటే, ఒక రొట్టెల కొట్టాయన ఎదుటి వీధిలోని పోటీ కొట్టును తీసుకెళ్ళి చెరువు నడిమధ్యన పెట్టమని రాశాడు. ఒకావిడ అత్తగారింటికి వెళ్ళే దారిని మ్యాపులోంచి పూర్తిగా చెరిపేయమని కోరింది. ఇలాంటివి చూసీ చూసీ ఆఫీసువాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. మనిషి మాటా, ఫోటోలో ఉన్నదీ వేరువేరుగా ఉంటే ఫోటోనే నమ్మాలి. "మనిషి అబద్ధం ఆడతాడు, ఫోటో ఆడదు," అని సూపర్‌వైజరు కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు.

ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు ఆమె తెర మీదికి ఒక ఫిర్యాదు వచ్చింది.

'కాలువ మీద వంతెన మధ్యలో కూలిపోయింది. దయచేసి కార్లను ఇటు పంపకండి. నేను లాకుల దగ్గర పనిచేస్తాను. పగలంతా ఇక్కడే ఉంటాను. అనుమానం ఉంటే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి.'

కింద నంబరు ఉంది. కుడివైపు ఫోటోలో వంతెన నిక్షేపంగా ఉంది. దాని మీద ఒక తెల్ల వ్యాను కూడా వెళుతోంది. ఆమె 'ఆధారం చాలదు' నొక్కింది. తర్వాతి ఫిర్యాదు ఒక క్షవరశాల తెరిచే వేళల గురించి. అది 'సరే'. ఆ తర్వాత టీకి లేచింది.

మూడు వారాలు గడిచాయి.

ఆమె ఇంట్లో ముగ్గురే మనుషులు. భర్త ప్రింటింగు ప్రెస్సులో పనిచేస్తాడు, తెల్లవారకముందే వెళ్ళిపోతాడు. మామగారు రిటైరైన పోస్టుమ్యాను. పొద్దున్నే పేపరు పైకి చదవడం ఆయన అలవాటు. వింటున్నావా అని అడగడు, వింటున్నారనే నమ్మకంతో చదువుతాడు. ఆ రోజు కోడలు అన్నం డబ్బా సర్దుకుంటుంటే ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఇది మీ పనికి సంబంధించినదే. 'కాలువలో పడిన కారు, నర్సు మృతి.' ఇళ్ళకు వెళ్ళి మంచం పట్టినవాళ్ళకు కట్లు కట్టే నర్సట పాపం. పొద్దున ఆరున్నరకు, పొగమంచులో. జీపీఎస్ చెప్పిన దారినే వెళ్ళింది. తీరా చూస్తే అక్కడ వంతెన లేదు."

ఆమె చేతిలో డబ్బా మూత ఆగిపోయింది.

"ఎక్కడ మావయ్యా?"

ఆయన ఊరి పేరు చదివాడు. ఆ పేరు విన్నట్టు ఆమెకు గుర్తు లేదు. రోజుకు ఐదు వందల ఊళ్ళు ఆమె కళ్ళ ముందు నుంచి పోతుంటాయి. ఆయన తర్వాతి వాక్యం చదివాడు. "'నాలుగు నెలలుగా రాస్తూనే ఉన్నాను, ఎవరూ పట్టించుకోలేదు అని అక్కడి లాకుల ఉద్యోగి వాపోయాడు.' చూశావా, అతను పాపం..."

లాకుల ఉద్యోగి అన్న మాట వినగానే ఆమెకు ఆ తెల్ల వ్యాను కనబడింది. మామగారు ఇంకా ఏదో చదువుతున్నాడు. ఆమె డబ్బా అక్కడే వదిలేసి చెప్పులేసుకుంది.

ఆఫీసులో పాత ఫిర్యాదులు వెతకడానికి ఆమెకు అనుమతి ఉంది. వెతికింది. ఒకే చోటు మీద నాలుగు నెలల్లో తొమ్మిది ఫిర్యాదులు. మొదటి రెండూ పదేసి పంక్తులు, పోనుపోను చిన్నవి. తొమ్మిదోది ఒక్క ముక్క: 'ఎవరైనా చూడండి.' అన్నిటి ఎదురుగా అదే జవాబు. తోసిపుచ్చిన వాళ్ళు ఆరుగురు, ఆ ఆరుగురూ ఈ గదిలోవాళ్ళే. ఏడో ఫిర్యాదు పక్కన ఆమె ఉద్యోగి సంఖ్య ఉంది.

ఆమె సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళి నిలబడింది. అతను చెడ్డవాడు కాదు. ఆమెకు ఒంట్లో బాగోలేనప్పుడు తన కారులో ఇంటి దగ్గర దింపినవాడే.

"పేపరు నేనూ చదివాను," అన్నాడు. "కూర్చో. నువ్వు చేసిందాంట్లో తప్పేం లేదు. రూలు ప్రకారమే చేశావు."

"ఆయన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు సార్."

"ఫోన్ చెయ్యడానికి మనకి పర్మిషన్ లేదు కదా. అలా ఫోన్లు చేస్తూ కూర్చుంటే రోజుకి ఎన్ని అవుతాయి చెప్పు."

"ఆ ఫోటో ఎప్పుడు తీసింది సార్?"

అతను తెర తన వైపు తిప్పుకుని చూశాడు. "రెండేళ్ళ పైమాట. ఇరవై ఆరు నెలలు."

"మరి వంతెన ఇప్పుడు మ్యాపులో ఉందా?"

"లేదులే. నిన్ననే తీసేశారు. పైనుంచి ఫోన్ వచ్చిన పదకొండు నిమిషాల్లో అయిపోయింది."

ఆ మాట అతను ఊరట కోసమే చెప్పాడు. ఆమెకు మాత్రం ఎక్కడో తెగినట్టయింది. పదకొండు నిమిషాల పని నాలుగు నెలల్లో జరగలేదు. మనిషి పోతే అయింది.

ఆదివారం ఆమె లాకుల దగ్గరికి బయల్దేరింది. విషయమంతా విన్న మామగారు, ఏమీ అడక్కుండా తన చేతికర్ర తీసుకుని వెంట వచ్చాడు. రెండు బస్సులు మారాలి. కిటికీ పక్కన కూర్చుని ఆమె మాట్లాడకపోతే ఆయనే మాట్లాడాడు.

"ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచానమ్మా. అడ్రసు అర్థం కాకపోతే ఎవరో ఒకరిని అడిగేవాణ్ణి. అడిగితే చెప్పనివాడు నాకు తగల్లేదు. ఒక్కడు తప్ప. వాడికి నా యూనిఫారం చూస్తే దడ. నేను వెతుకుతున్నది వాణ్ణేనని తర్వాత తెలిసింది."

ఆమె నవ్వలేకపోయింది. ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

బస్సు దిగాక మైలు దూరం నడక. రోడ్డు నున్నగా, తిన్నగా ఉంది. రెండు వైపులా కంచె వేసిన పొలాలు. ఎవరికైనా వేగంగా పోబుద్ధయ్యే రోడ్డు. అది కాలువ గట్టెక్కి, కొంచెం ముందుకు పోయి, ఒక్కసారిగా లేదు. అవతలి గట్టు మీద మళ్ళీ అదే రోడ్డు అదే వెడల్పున మొదలైంది. మధ్యలో నీళ్ళలోంచి ఇనుప కమ్మీలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇప్పుడు అడ్డంగా సిమెంటు దిమ్మెలు పెట్టారు. వాటి మీద సున్నం ఇంకా కొత్తగా ఉంది.

కాలువ నీటిని ఆపీ వదిలీ మట్టం సరిచేసే తలుపులనే లాకులంటారు. ఆ తలుపుల పక్కన ఒంటి గది. అందులోంచి ఒకాయన వచ్చాడు. యాభై ఐదేళ్ళుంటాయి. ఎవరో చూడడానికి వచ్చిన జనం అనుకున్నాడు కాబోలు, అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"వరదలప్పుడు కూలిందండి. రోడ్ల ఆఫీసువాళ్ళు రెండు కర్ర అడ్డాలు పెట్టి వెళ్ళారు. వారానికే గాలికి పడిపోయాయి. నేనే పీపాలు పెట్టి తాడు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీశాను. పీపాలు ఎవరో ఎత్తుకుపోయారు. ఇక నేనే రోడ్డు మీద నిలబడేవాణ్ణి. రోజుకి నలుగురైదుగురు వచ్చేవారు. ఒకాయనైతే ఫోన్ నా మొహం మీద పెట్టి, ఇదిగో ఇందులో వంతెన ఉంది, నీకు తెలుసా దీనికి తెలుసా అని దెబ్బలాటకు దిగాడు. నా వెనకాల చూడండి బాబూ అంటే చూడడు. చూశాక నోరు మూసుకుని వెళ్ళిపోయాడు."

"ఆ రోజు..." అని ఆమె ఆగింది.

ఆయన నీళ్ళ వైపు చూశాడు. "ఆ రోజు పైనుంచి నీళ్ళు ఎక్కువ వదిలారండి. గేటు ఎత్తకపోతే గట్టు తెగుతుంది. చక్రం తిప్పుతున్నాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే నా చేతులు నాకే సరిగ్గా కనబడలేదు. ధబ్బుమని చప్పుడైంది. గేటు చెక్క విరిగిందేమో అనుకున్నాను. చూడండి, మొదట అదే అనుకున్నాను. ఆ తర్వాత అర్థమై పరిగెత్తి దూకాను. కారు తలుపు తెరుచుకోలేదండి. వెనక భాగం ఇంకా పైన ఉంది. లోపల ఆ గొంతు ఇంకా చెబుతూనే ఉంది, నేరుగా వెళ్ళండి అని."

ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆమె మామగారి వైపు చూసింది. ఆయన తల పంకించాడు.

"నేను మ్యాపుల ఆఫీసులో పనిచేస్తానండి," అంది ఆమె. "మీరు తొమ్మిదిసార్లు రాశారు. ఏడోసారి రాసింది నా దగ్గరికే వచ్చింది. ఆధారం చాలదని కొట్టేసింది నేనే."

ఆయన తువ్వాలు మడిచి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

"మీరు చదివారా?" అని అడిగాడు చివరికి.

"చదివానండి."

"మొత్తం?"

"మొత్తం."

"నేను ఇన్నాళ్ళూ ఏదో మిషను కొట్టేస్తోందనుకున్నానమ్మా," అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మిషనుకి ఏం తెలుస్తుందిలే, ఎప్పటికో ఒకప్పటికి మనిషి కంట పడకపోతుందా అనుకుని మళ్ళీ మళ్ళీ రాశాను. మనుషులే చదివారన్నమాట."

ఆ మాటకు ఆమె గట్టు మీదే కూర్చుండిపోయింది. కాసేపటికి ఆయనే గదిలోంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. వెళ్ళేముందు, వచ్చే నెల విచారణ ఉందనీ, తనను సాక్ష్యానికి పిలిచారనీ చెప్పాడు. "నేను రాశానని చెబితే నమ్ముతారో లేదో," అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె రెండు రోజులు ఆ విచారణ గురించే ఆలోచించింది. మూడో రోజు, తానూ వెళ్ళి సాక్ష్యం చెప్పవచ్చా అని సూపర్‌వైజరును అడిగింది. అతను తలుపు వేసి, గొంతు తగ్గించాడు. "కంపెనీ తరఫున లాయరు చూసుకుంటాడు. మనం నోరెత్తకూడదు. నీ ఉద్యోగం పోతుంది. ఆఫీసు కాగితాలు బయట పెట్టావని ఇంకెక్కడా రానివ్వరు కూడా. పోయినావిడ తిరిగి రాదు కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త అంతా విన్నాడు. "నువ్వు వెళ్ళకపోతే ఏమవుతుంది?" అన్నాడు.

"ఏమీ కాదు. అదే భయంగా ఉంది," అంది ఆమె.

అతను ఆమె కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించి, "అయితే వెళ్ళు. మనిల్లు ఎలాగోలా గడుస్తుంది," అన్నాడు.

రోడ్ల ఆఫీసు మేడ మీద పొడవాటి గదిలో విచారణ జరిగింది. విచారణాధికారిగా, రిటైరైన ఒక న్యాయమూర్తిని నియమించారు. తెల్లజుట్టు పెద్దావిడ, ఎవరు మాట్లాడుతున్నా తానే రాసుకుంటూ కూర్చుంది. రోడ్ల ఆఫీసువాళ్ళు అడ్డాలు పెట్టినట్టు సంతకాలున్న కాగితం చూపించారు. కారులో దారి చెప్పే పరికరం తయారుచేసినవాళ్ళ లాయరు, పరికరంతో పాటు ఇచ్చే పుస్తకంలో డెబ్బై ఆరో పేజీ చదివాడు: రోడ్డును గమనించే బాధ్యత డ్రైవరుదే. మ్యాపుల కంపెనీ లాయరు, అన్ని ఫిర్యాదులూ నిబంధనల ప్రకారమే పరిశీలించామన్నాడు. ముగ్గురి దగ్గరా కాగితాలు ఉన్నాయి. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. వాళ్ళ మాటలు వింటూ ఉంటే, అసలు ఆ కారు నీళ్ళలో పడనే లేదేమో అనిపించేలా ఉంది.

నర్సు భర్త వడ్రంగి. గోళ్ళ సందుల్లో ఇంకా రంపంపొట్టు ఉంది. అతన్ని మాట్లాడమన్నారు.

"ఆ ఊరికి వెళ్ళాల్సిన నర్సు సెలవు పెట్టింది, అందుకని మా ఆవిడ వెళ్ళింది. అటు ఎప్పుడూ వెళ్ళలేదు. తెలియని చోటు కదా, ఎవరినైనా అడుగు అంటే, జీపీఎస్ ఉందిగా అంది. మీరంతా దారి తప్పింది, చూసుకోలేదు అంటున్నారు." అతను న్యాయమూర్తి వైపు తిరిగాడు. "మా ఆవిడ దారి తప్పలేదమ్మగారూ. చెప్పిన దారిలోనే వెళ్ళింది."

పెద్దావిడ ఆ మాట రాసుకుంది.

లాకుల ఆయన తొమ్మిదిసార్లు రాశానని చెప్పాడు. మ్యాపుల కంపెనీ లాయరు లేచి, అవన్నీ ఈయన రాసినవేనని రుజువేమిటని అడిగాడు. అప్పుడు వెనక బల్ల మీంచి ఆమె లేచి నిలబడింది. తానెవరో చెప్పింది. తొమ్మిది ఫిర్యాదులూ, వచ్చిన తేదీలూ, ఏడోదాన్ని తాను తోసిపుచ్చిన సంగతీ చెప్పింది. ఫోటో ఇరవై ఆరు నెలల నాటిదనీ, అది తాను చూసుకోలేదనీ, చూసుకోమని ఎవరూ చెప్పలేదనీ చెప్పింది. లాయరు రెండుసార్లు అడ్డం వచ్చాడు. పెద్దావిడ కలం ఎత్తకుండానే, "ఆమెను చెప్పనివ్వండి," అంది.

విచారణ ముగిశాక వసారాలో వడ్రంగి ఆమె దగ్గరికి వచ్చాడు. మామగారు ఒకడుగు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"ఒక్కటి అడుగుతాను," అన్నాడు వడ్రంగి. "ఆ ఏడో ఫిర్యాదుకి మీకు ఎంతసేపు పట్టింది?"

అది కూడా కంప్యూటరులో నమోదై ఉంది. ఆమె అంతకుముందే చూసుకుంది. "ఇరవై రెండు సెకన్లండి."

అతను వసారా గోడకు చెయ్యి ఆన్చాడు. "మా ఆవిడ ఒక కట్టు కట్టాలంటే ముప్పావు గంట పట్టేది. పాత కట్టు నానబెట్టి, మెల్లగా విప్పి, కడిగి... ఎందుకే అంతసేపు, నీతో పాటు చేరినవాళ్ళు రోజుకి పది ఇళ్ళు తిరుగుతున్నారు, నువ్వు ఆరు దాటవు అనేవాణ్ణి. లాగేస్తే వాళ్ళకి నొప్పి కదా అనేది. వాళ్ళ మొహం చూస్తూ లాగలేను అనేది."

ఆమె చేతులు జోడించింది.

"క్షమించానని మాత్రం నాతో అనిపించకండమ్మా. అది నా వల్ల కాదు," అన్నాడతను. "కానీ ఇంతమందిలో నేనే చేశాను అన్నది మీరొక్కరే. అది గుర్తుంచుకుంటాను." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారమే ఆమె ఉద్యోగం పోయింది. తలుపు పక్కన అట్ట మీద ఇంకొకరి ఫోటో వచ్చింది. వంతెనలూ గట్లూ కూలాయన్న ఫిర్యాదులను మాత్రం ఇకపై ఫోటో చూసి తోసిపుచ్చకూడదని, రాసినవాళ్ళతో మాట్లాడి తీరాలని కంపెనీ ఒక ఉత్తర్వు తెచ్చిందని ఆమెకు పాత స్నేహితురాలి ద్వారా తెలిసింది. మిగతా ఫిర్యాదులు ఎప్పటిలాగే నడుస్తున్నాయట. కొత్త వంతెనకు ఇంకా ఎవరూ కొలతలు తీసుకోలేదు. ఆ పొద్దున నర్సు వెళ్ళి కట్టు కట్టవలసిన ముసలాయనకు ఇప్పుడు వారానికి ఒకసారే కట్టు మారుస్తున్నారు.

రెండు నెలల తర్వాత విచారణ నివేదిక వచ్చింది. నలభై పేజీలు. రోడ్ల ఆఫీసు, పరికరంవాళ్ళు, మ్యాపుల కంపెనీ, ముగ్గురిదీ తప్పేనని అందులో ఉంది. పొద్దున్నే మామగారు దాన్ని పైకి చదివాడు, ఆమె పక్కన కూర్చుని మొదటి అక్షరం నుంచీ విన్నది. చివరి పేజీని ఆయన నెమ్మదిగా చదివాడు. అక్కడ ఆ పెద్దావిడ ఇలా రాసింది.

'దారి చెప్పే పరికరం తనంతట తాను నమ్మదగినది కాదు, ఎన్నటికీ కాబోదు. ఇటు వద్దు అని చెప్పే మనిషి ఒకరు ఉండాలి, ఆ మాట విని లేచి వెళ్ళి చూసే మనిషి ఇంకొకరు ఉండాలి. అప్పుడే దాన్ని నమ్మి బండి నడపవచ్చు. ఈ కాలువ గట్టు మీద మొదటి మనిషి నాలుగు నెలల పాటు ఉన్నాడు. రెండో మనిషి ఎక్కడా లేకపోవడం వల్లనే ఒక ప్రాణం పోయింది.'